దోర్నకల్ సాయంకాల ప్రార్థన నుంచి అమీర్‌పేట హాస్టల్ దాకా

డీఎస్సీ, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌ల కోసం ఏజెన్సీ నుంచి అమీర్‌పేట వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న మన పిల్లలు చాలామంది. పంజాగుట్ట నిమ్స్‌లో రోగి మంచం పక్కన కూర్చున్న మనవాళ్ళూ కనిపిస్తారు. వాళ్ళలో క్రైస్తవులు తరచుగా ఒక మాట అంటుంటారు: ఊళ్ళో ఉన్నప్పటి ప్రార్థన ఇక్కడ నిలవడం లేదని. ఆదివారం చర్చికి పోతారు, పెద్ద సభలకూ పోతారు. తగ్గిపోయేది రోజువారీ ప్రార్థన. బద్ధకం అంటారు పెద్దలు. చరిత్ర చూస్తే అది సగం మాటే.

1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఒక మిషన్ సంఘం పెట్టి, పనికి దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సంఘం స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1909లో అక్కడికి వచ్చారు. 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అక్కడ క్రైస్తవులైనవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. చదువు రాదు. రోజూ బైబిలు చదవండి అని చెప్పి లాభం లేదు. అందుకని ఊరికో టీచరును పెట్టారు. పగలు పిల్లలకు బడి. పొద్దుగూకి కూలి నుంచి జనం తిరిగొచ్చాక ప్రార్థన, పాట, బైబిలు కథ. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవారు. దేశీ బాణీల్లో పాటలు, కోలాటాలు ఉండేవి. ఒక్కడికి ఓపిక లేని రోజున కూడా గూడెం పాడేది, వాడు వింటూ కూర్చునేవాడు. జీతం తక్కువైన ఆ ఊరి టీచర్ల గురించి మన శిక్షణ పుస్తకాల్లో ఒక్క పేజీ అయినా ఉండాల్సింది.

కోయల సంగతి వేరు. గోదావరి పనుల ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ కోయ నేర్చుకొని ఆ భాష గురించి రాశాడు. అయినా నేను ఎరిగిన గూడేల్లో రోజూ వినిపించింది ఎక్కువగా తెలుగు ప్రార్థనే. దానివల్ల తెలుగు వచ్చింది, కాదనను. కష్టం వచ్చినప్పుడు మనసు పలికే భాష మాత్రం ప్రార్థనకు బయటే ఉండిపోయింది.

హైదరాబాద్‌లోనే మరో ఉదాహరణ ఉంది. భక్తసింగ్ 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువుకు ఇంగ్లండు, కెనడా వెళ్ళి అక్కడ క్రైస్తవుడయ్యారు. 1933లో తిరిగొచ్చారు. 1950లో గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను స్థాపించారు. మోకాళ్ళ మీద బైబిలు చదవడం ఆయన అలవాటు. జనం ఆ మోకాళ్ళనే గుర్తుపెట్టుకున్నారు. హెబ్రోనులో పనివారు కలిసి ఉండేవారనీ, కలిసి ప్రార్థించేవారనీ, ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కలిసి భోంచేసేవారనీ తక్కువమంది చెప్తారు. చివరి ఏళ్ళు పార్కిన్సన్స్ జబ్బుతో మంచంలో ఉన్నప్పుడు ఆయన చుట్టూ ఉన్నది ఆ కుటుంబమే. 2000 సెప్టెంబరు 17న మరణించారు.

హాస్టల్లో గదికి నాలుగు మంచాలు. మోకరించడానికి చోటుండదు, పిలిచే టీచరూ ఉండడు. ఊళ్ళో పదిమంది మోసిన అలవాటును ఇక్కడ ఒక్కడే మోయాలి. ఎల్లారెడ్డిగూడ వైపు ముగ్గురు కుర్రాళ్ళు రాత్రి మెస్‌లో తిన్నాక మేడ మీద కలుస్తారు. ఫోన్లో ఒక కీర్తన చదువుతారు. ఒకడు కోయలోనే ప్రార్థిస్తాడు, మిగతా ఇద్దరు లంబాడీలు. తెల్లారి ఆరింటికి క్లాసుంటే పది నిమిషాల్లో ముగించి దిగిపోతారు.