రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు మనదైపోయినట్టేనా? మన్రో లెక్కల నుంచి ఈసీ దాకా

చెన్నేకొత్తపల్లి, అదే మన సీకే పల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు ఇల్లో స్థలమో కొన్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "డబ్బు కట్టేశాను, రిజిస్ట్రేషన్ అయింది, ఈసీలో నా పేరు ఎక్కింది. ఇంక ఇల్లు నాదే కదా?" అవ్వచ్చు, అవ్వకపోనూవచ్చు. ఎందుకో తెలియాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

మైసూరు యుద్ధాల్లో తన వాటాకి వచ్చిన ఈ సీమని నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చిందే. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. మన్రో అనగానే మనకి మంత్రాలయం కథ గుర్తొస్తుంది కానీ, ఇవాళ మనకి కావలసింది ఆయన లెక్కల పుస్తకం. 1802లో పొలాలు కొలిపించడం మొదలుపెట్టాడు. ఏ పొలం ఎంత, దాన్ని ఎవరు దున్నుతున్నారు, శిస్తు ఎంత? ఇదే ఆయన ప్రశ్న. "దీని యజమాని ఎవరు?" అన్నది కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఆ పుస్తకం శిస్తు వసూలుకి పుట్టింది. ఈనాటి అడంగల్, 1-బి ఆ వంశంలోవే.

చిత్రం ఏంటంటే, అదే 1802లో మద్రాసు ప్రభుత్వం దస్తావేజుల రిజిస్ట్రీకి 17వ రెగ్యులేషన్ తెచ్చింది. అంటే రెండో పుస్తకం. తర్వాత 1864లో దేశమంతటికీ చట్టం, చివరికి 1908 రిజిస్ట్రేషన్ చట్టం. మనం ఇప్పటికీ నడుస్తున్నది దీని ప్రకారమే. వంద రూపాయలు, ఆపైన విలువైన స్థిరాస్తి అమ్మకం కాగితం రిజిస్టరు కావాలి. కానీ సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేసేది కాగితాన్ని, హక్కుని కాదు. వచ్చినవాళ్ళు వాళ్ళేనా, సంతకం ఒప్పుకున్నారా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా అని చూస్తారు. అమ్మేవాడికి అసలు హక్కు ఉందా అని విచారించి తీర్పు చెప్పడం ఆయన పని కాదు.

ఒక ఉదాహరణ చూడండి. తాత పేరున ఇల్లు. తాత పోయాడు, నలుగురు వారసులు. అందులో ఒకరు ఇల్లు మొత్తం తనదేనని మీకు రాసిచ్చారు. చావు రిజిస్ట్రారు పుస్తకంలోకి ఎక్కదు, నోటిమాట భాగాలు ఎక్కవు, రిజిస్టరు కాని వీలునామా ఎక్కదు. కాబట్టి ఈసీ శుభ్రంగా ఉంటుంది. మీకు దక్కేది మాత్రం ఆయన వాటా వరకే. మిగతా ముగ్గురు కోర్టుకెక్కితే మీ దస్తావేజు మిమ్మల్ని కాపాడదు. జీవితకాలం కూడబెట్టిన డబ్బు అలా ఇరుక్కుపోతుంది.

ఊరి ఇళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఇళ్ళున్న గ్రామకంఠానికి శిస్తు లేదు. శిస్తు లేనప్పుడు ఎవరిల్లు ఎంతో రాసుకునే అవసరం సర్కారుకి ఏముంది? అందుకే పొలానికి ఉన్నంత లెక్క, పొలం యజమాని పడుకునే ఇంటికి లేకుండా పోయింది! పాత దస్తావేజుల్లో తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర వీధి అని చెక్కుబందీ రాసుకోవడమే. పంచాయతీ ఇంటిపన్ను రసీదు చూపించి "ఇదిగో నా హక్కు" అంటారు. అది పన్ను కట్టినదానికి రుజువు, అంతే. ఈ లోటు పూడ్చడానికి డ్రోన్లతో కొలిచే స్వామిత్వ పథకం 2020లో గానీ రాలేదు.

పొలాల పుస్తకంలోనూ ఖాళీలున్నాయి. తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో ఉండే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరుని డైగ్లాట్ అంటారు. పట్టాదారు ఎవరో తేలనిచోట అందులో చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. ఆ చుక్కల కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఊరి లెక్కలేమో కరణం చేతిలో ఉండేవి, 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 1998లో కంప్యూటర్లు వచ్చాయి. చేత్తో నకలు రాసే బాధ తప్పింది కానీ కాగితం స్వభావం మారలేదు.

హక్కునే రిజిస్టరు చేసి ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లోనే టోరెన్స్ మొదలుపెట్టాడు. మన రాష్ట్రంలో ఆ దిక్కుగా తెచ్చిన 2022 టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది, 2024లో రద్దయింది. దాని మీద రాజకీయం మీకు తెలిసిందే, నేను అందులోకి పోను. జనం భయపడటానికి కారణం మాత్రం నాకు అర్థమవుతుంది. పుస్తకం తప్పుల తడకగా ఉన్నప్పుడు ఆ పుస్తకమే ఆఖరి మాట అంటే ఎవరికి ధైర్యం వస్తుంది?

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక హైవే పక్కన ప్లాట్లు చూసేవాళ్ళు పెరిగారు. ఆ ప్లాటు నిన్నటిదాకా పొలమే. అంటే రెండు పుస్తకాలూ చూడాల్సిందే. ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఒక చేత్తో; 1-బి, అడంగల్, డైగ్లాట్ నకలు ఇంకో చేత్తో. సర్వే నంబరు 22-ఎ నిషేధ జాబితాలో ఉందా చూడండి. అమ్మేవాళ్ళ ఇంటికి వెళ్ళి తోబుట్టువులు ఎంతమందో కూడా అడగండి, మొహమాటపడకండి. అది ఏ ఆఫీసు పుస్తకంలోనూ దొరకదు.