తొట్టి దాటిన నాచు

2000 జూన్ 12. కాలిఫోర్నియాలో శాన్ డియాగోకు ఉత్తరాన, పసిఫిక్ ఒడ్డున కార్ల్స్‌బాడ్ అనే పట్టణం. సముద్రం అక్కడ ఊళ్లోకి చొచ్చుకొచ్చి ఒక లగూన్‌గా మారింది. పేరు అగ్వా హెడియోండా. మన పులికాట్ జాతిదే గానీ చాలా చిన్నది. అప్పట్లో ఒడ్డున ఎన్సినా విద్యుత్ కేంద్రం, గుల్లల పెంపకం, సముద్రపు చేపపిల్లల్ని పెంచే హేచరీ ఉండేవి. నీళ్ల మీద పడవలూ జెట్ స్కీలూ తిరుగుతుంటాయి.

ఆ రోజు నీళ్లలోకి దిగిన డైవర్లు మెర్కెల్ అండ్ అసోసియేట్స్ అనే పర్యావరణ సంస్థ మనుషులు. ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి ఎలా పెరుగుతోందో చూసి రాసుకోవడం వాళ్ల పని. ఈల్‌గ్రాస్ ఆకులు సన్నగా, పొడుగ్గా, కాస్త నలుపు తిరిగిన పచ్చరంగులో ఉంటాయి. వాటి మధ్యలో ఇంకేదో కనిపించింది. లేత పచ్చ, కళ్లలో పడే పచ్చ. నేలబారున పాకే తీగ, దాని మీద వరసగా నిలబడ్డ రెమ్మలు, ప్రతి రెమ్మకీ రెండు వైపులా పక్షి ఈకకున్నట్టు చిన్న చిన్న పాయలు. తీగ పాకిన మేర ఈల్‌గ్రాస్ కనపడకుండా పోయింది.

నమూనా తీసుకుని పైకొచ్చారు. పుస్తకాలు తిరగేశారు, నిపుణులకు పంపారు. వచ్చిన జవాబు కాలెర్పా టాక్సిఫోలియా. ఆ తీరంలో అప్పటిదాకా ఎవరూ చూడని నాచు అది. చూడలేదు గానీ పేరు మాత్రం విన్నారు. రెండేళ్ల కిందటే, 1998లో, వంద మందికి పైగా శాస్త్రవేత్తలు దీన్ని దేశంలోకి రానివ్వొద్దంటూ అమెరికా ఇంటీరియర్ శాఖ మంత్రికి లేఖ రాశారు. 1999లో ప్రభుత్వం దీన్ని హానికరమైన కలుపు మొక్కల జాబితాలో చేర్చింది. వాళ్లు దేనికి భయపడ్డారో అది అప్పటికే లగూన్ అడుగున పరుచుకుని ఉంది.

ఆ భయానికి మూలం తెలియాలంటే పదహారేళ్లు వెనక్కి, మధ్యధరా సముద్రం దాకా వెళ్లాలి.

కాలెర్పా ఉష్ణమండలపు నాచు. మన హిందూ మహాసముద్రంలోనూ ఉంది, అక్కడ అది ఎవరి జోలికీ పోదు. 1980 ప్రాంతంలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ జూ అక్వేరియంలో దీన్ని అలంకారానికి పెంచారు. అక్కడి తొట్లలో పెరిగిన రకం చలికి తట్టుకుంటుంది, వేగంగా పాకుతుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. ఒక అక్వేరియం నుంచి మరో అక్వేరియానికి చేతులు మారుతూ మొనాకోలోని సముద్ర విజ్ఞాన మ్యూజియం చేరింది. ఆ మ్యూజియం కొండ అంచున, సరిగ్గా సముద్రం మీద కట్టిన భవనం. 1984లో దాని కిటికీల కింద, సముద్రపు నేల మీద, సుమారు ఒక చదరపు మీటరు మేర ఈ పచ్చదనం కనిపించింది. ఒక్క డైవరు ఒక్క పూటలో పీకి సంచిలో వేసుకుని పోగలిగినంత.

ఎవరూ పీకలేదు. 1989 నాటికి అది ఒక హెక్టారు. మరుసటి ఏడు మొనాకో దాటి ఫ్రాన్స్ తీరంలో కాప్ మార్టాన్ దగ్గర తేలింది. నీస్ విశ్వవిద్యాలయంలో నాచుల మీద పనిచేసే అలెగ్జాండ్ర్ మెనెజ్ దీన్ని పెరికించమని అధికారుల చుట్టూ తిరిగారు. అప్పుడు మొదలైంది వాదన. ఇది మ్యూజియం నుంచి రాలేదని, ఎర్ర సముద్రం నుంచి సూయజ్ కాలువ గుండా వచ్చి ఉంటుందని, అసలు ఇది అక్కడే ఉన్న మరో జాతి నాచు రూపం మార్చుకున్నదని రకరకాల వాదాలు లేచాయి. పత్రికలు దానికి హంతక నాచు అని పేరు పెట్టాయి. ఎవరి తప్పో తేలేదాకా ఎవరూ కదలకపోవడం ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే ఘట్టం. 1998లో డీఎన్ఏ పరీక్ష మధ్యధరా నాచూ, అక్వేరియాల నాచూ ఒకటేనని తేల్చింది. కానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది. 2000 ఆఖరుకు ఆరు దేశాల తీరాల వెంట 13,000 హెక్టార్లకు పైగా దాని బారిన పడ్డాయి.

ఇంత వేగం దానికెలా వచ్చింది? కాలెర్పా తీగ మొత్తం ఒకే ఒక్క కణం. మీటర్ల పొడుగున పాకినా లోపల అడ్డుగోడలుండవు, లెక్కలేనన్ని కేంద్రకాలతో ఒకే గొట్టం. తెగితే గాయం దానంతటదే మూసుకుంటుంది, తెగిన ముక్క మళ్లీ వేళ్లు దించుతుంది. సెంటీమీటరు ముక్క చాలు. లంగరుకు చుట్టుకుని, వలకు తగులుకుని ఊళ్లు దాటేస్తుంది. తడి ఆరకపోతే నీళ్ల బయట పది రోజుల దాకా బతుకుతుంది. పైగా దాని ఒంట్లో కాలెర్పినైన్ అనే విషముంది కాబట్టి మధ్యధరాలో దాన్ని మేసేవి దాదాపు లేవు.

ఇక ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకునే వాళ్లకూ దీనికీ ఉన్న సంబంధం చెప్పాలి. పగడాల తొట్టి నడిపే ఎవరికైనా మొదటి శత్రువు నాచే. చేపల విసర్జనలు, మిగిలిపోయిన మేత కుళ్లి నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి. పైన బలమైన లైటు. రాళ్ల మీద బొచ్చు నాచు లేస్తుంది. ఇసుక మీద ఎర్రటి జిగట పొర కమ్ముతుంది. అది చూడ్డానికే నాచు, నిజానికి బ్యాక్టీరియా. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ మరీ సున్నాకు పడిపోతే ఇంకో పీడ వస్తుంది: బుడగలు పట్టుకుని వేలాడే గోధుమరంగు జిగురు, డైనోఫ్లాజెల్లేట్లు. నైట్రేటు, ఫాస్ఫేటు అదుపులో ఉండాలంటే మేత తగ్గించాలి, ఆర్వో నీళ్లతో కలిపిన ఉప్పునీరు మార్చాలి, మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్ పెట్టాలి, నత్తల్ని వదలాలి. ఇవన్నీ ఓపికతో నెలల తరబడి చేయాల్సిన పనులు. అంత ఓపిక లేనివాళ్లకు దుకాణాల్లో ఒక సులువు దొరికేది: తొట్టి కింది గదిలో గుప్పెడు కాలెర్పా వెయ్యడం. అది నైట్రేటునూ ఫాస్ఫేటునూ తనే తాగేసి మిగతా నాచుల నోటి దగ్గరి కూడు లాగేసుకుంటుంది. నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే ఎప్పటికప్పుడు కోస్తూ ఉండాలి, లేకపోతే అదే తొట్టంతా కమ్మేస్తుంది. కోసిన గుప్పెళ్లు ఎక్కడ పారేస్తారన్నది మాత్రం అప్పట్లో ఎవరూ అడగలేదు.

అగ్వా హెడియోండాలోకి అది అలాగే వచ్చిందని నిపుణుల నమ్మకం. ఎవరో ఇంటి తొట్టి ఖాళీ చేసి నీళ్లు కాలువలోకో, నేరుగా లగూన్‌లోకో ఒంపారు. అది ఎవరి తొట్టి అన్నది తేలనే లేదు. 2000లోనే డీఎన్ఏ పరీక్ష ఇది మధ్యధరాను కమ్మిన రకమేనని నిర్ధారించింది.

కార్ల్స్‌బాడ్‌లో వాళ్లు ఆ వ్యక్తి కోసం ఎదురుచూడలేదు. రాష్ట్ర, కేంద్ర శాఖల వాళ్లు, విద్యుత్ కేంద్రం వాళ్లు, డైవర్లు, శాస్త్రవేత్తలు ఒక్కచోట కూర్చుని దక్షిణ కాలిఫోర్నియా కాలెర్పా కార్యదళం పేరుతో ఒక్కటయ్యారు. నాచును కనిపెట్టిన పదిహేడు రోజులకే పని మొదలైంది. పీకితే తెగుతుంది, తెగితే ముక్కలు కొట్టుకుపోతాయి కాబట్టి పీకడం కుదరదు. అందుకని ఉన్నచోటే చంపాలనుకున్నారు. నాచు పరుచుకున్న చోట్ల మీద నల్లటి పీవీసీ పట్టాలు కప్పారు. అంచుల మీద ఇసుక బస్తాలు పేర్చి నొక్కిపెట్టారు. పట్టా కిందికి క్లోరిన్ ద్రావణం ఎక్కించారు. మనం బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ కుటుంబానికి చెందినదే అది. తరవాత క్లోరిన్ బిళ్లలు వాడారు. వెలుతురు లేదు, పైన క్లోరిన్ ఘాటు. పట్టా కింద కాలెర్పాతో పాటు ఈల్‌గ్రాస్, పురుగులు, గవ్వలు, ఉన్నవన్నీ చచ్చాయి. ఆ ధర కట్టడానికి సముద్ర జీవుల్ని ప్రేమించేవాళ్లే ఒప్పుకోవలసి రావడం చిన్న విషయం కాదు.

కష్టం అక్కడితో తీరలేదు. లగూన్ నీళ్లు కలకబారి ఉంటాయి, చెయ్యి చాచినంత మేర దాటి చూపు ఆనదు. అడుగున తాళ్లు పరిచి, వాటి వెంట వరసలుగా ఈదుతూ అంగుళం అంగుళం వెతికారు. డైవర్ల కళ్లు ఎంత నమ్మదగినవో తెలుసుకోవడానికి కాలెర్పాలా కనిపించే ప్లాస్టిక్ మొక్కల్ని దాచిపెట్టి, ఎన్ని దొరికాయో లెక్క చూసుకున్నారు. ఇటు ఒడ్డున గొడవ. లంగరు పడితే ముక్కలు తెగుతాయని పడవల మీద, చేపల వేట మీద ఆంక్షలు పెడితే ఏళ్లుగా ఆ నీళ్ల మీద ఆడుకునే జనానికి కోపం రాకుండా ఉంటుందా? సభలు పెట్టి, ఆ మొక్క బొమ్మలు పంచి, నచ్చజెప్పారు. ఈలోగా ఉత్తరాన ఆరెంజ్ కౌంటీలోని హంటింగ్టన్ హార్బర్ దగ్గరి మడుగుల్లోనూ అదే నాచు దొరికింది. అక్కడా పట్టాలే, క్లోరినే.

చచ్చిందని ఎలా తెలుస్తుంది? డేవిస్‌లో పనిచేసే వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త లార్స్ ఆండర్సన్ బృందం పట్టాల కింది మట్టిని గొట్టాలతో తోడి ప్రయోగశాలలో వెలుతురు కింద పెట్టి చూసింది. ఆ మట్టిలో కాలెర్పా ఒక్క రెమ్మ కూడా లేవలేదు. ఈల్‌గ్రాస్ విత్తనాలు మాత్రం మొలకెత్తాయి. ఆ రోజు వాళ్లకెంత ధైర్యం వచ్చి ఉంటుందో!

2002 తరవాత రెండు చోట్లా నాచు కనపడలేదు. అయినా వెతకడం ఆపలేదు. కనపడకపోవడానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం వాళ్లకు తెలుసు. 2006 జూలైలోగానీ నాచు పూర్తిగా పోయిందని ప్రకటించలేదు. ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది. మధ్యలో, 2001లో, కాలిఫోర్నియా కాలెర్పా టాక్సిఫోలియాతో పాటు దాన్ని పోలిన మరికొన్ని జాతుల అమ్మకాన్ని, పెంపకాన్ని నిషేధించింది.

మనకు ఈ బాధ కొత్తదేమీ కాదు. పూలు బాగున్నాయని తెచ్చుకున్న గుర్రపుడెక్క కొల్లేరునూ, మన చెరువుల్నీ ఏం చేసిందో ఊరూరా చూశాం. విశాఖలోనైనా చెన్నైలోనైనా ఉప్పునీటి తొట్టి పెట్టుకున్న వాళ్లు కోసిన నాచునూ, వద్దనుకున్న రాళ్లనూ కాలువలోనో కడలిలోనో వెయ్యకండి. ప్లాస్టిక్ సంచిలో కట్టి కనీసం 24 గంటలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తరవాత చెత్తబుట్టలో వెయ్యండి. ఇది కాలిఫోర్నియా అధికారులు తమ జనానికి చెప్పే పద్ధతే.

2021లో లాస్ ఏంజెలెస్ దిగువన న్యూపోర్ట్ బేలో కాలెర్పా ప్రోలిఫెరా అనే దాయాది జాతి బయటపడింది. ఆ జాతి 2001 నిషేధం జాబితాలో లేదు. 2023లో శాన్ డియాగో బేలో అదే కనిపించింది. డైవర్లు మళ్లీ పట్టాలు మోసుకుని నీళ్లలోకి దిగారు. 2024 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో కాలెర్పా ప్రజాతి మొత్తం నిషేధం.