పళ్లగార - జహ్రావీ పాఠం

దైవప్రవక్త (స) ఎంతో ఇష్టపడిన మిస్వాక్ అరాక్ చెట్టుది. చేదు చెట్టు పుల్ల అయినా మేలేనని హనఫీ ఫఖీహులు చెప్పారు. ఆ లెక్కన అమలాపురం, రాజోలు ముస్లిముల పెరటి వేప కూడా సున్నత్‌కు పనికివచ్చేదే.

అయితే పుల్లతో పని అంతా తీరదు. ఖుర్తుబా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ (మరణం 1013) తన 'తస్రీఫ్' గ్రంథంలో పళ్లగార చిగుళ్లను చెరుపుతుందని వ్రాసి, దానిని గీకే పనిముట్ల బొమ్మలు సైతం గీచాడు. ఒక్కసారికి పోకపోతే మరునాడు, ఆ మరునాడు మళ్లీ గీకమన్నాడు. పన్ను పీకడానికి మాత్రం తొందరపడవద్దన్నాడు.

ఈ ఓపిక తరువాతివారికి లేకపోయింది. నోటి చీము దేహమంతటినీ చెరుపుతుందని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1910లో మాంట్రియల్‌లో ప్రసంగించాక, కీళ్లనొప్పులకు కూడా మంచి పళ్లు పీకివేశారు. పాపం, పళ్లు పోయాయి గాని నొప్పులు చాలామందికి పోలేదు!

హంటర్ అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. చిగుళ్ల జబ్బు ముదిరితే మధుమేహం అదుపు తప్పుతుంది. మధుమేహం పెరిగితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి. గట్టిపడిన గార వేపపుల్లకు ఊడదు. నాడు ఖుర్తుబాలోనైనా, నేడు కొత్తపేటలోనైనా, వైద్యుని చేత గీకించవలసిందే.