ఎవరు గెలుస్తారు? - టెన్నిస్ జోస్యాలు, పందేలు

జూన్ నెలాఖరు వచ్చిందంటే ఈ ఇంగ్లండు దేశంలో అందరి నోటా ఒకటే ప్రశ్న: "ఈసారి వింబుల్డన్ ఎవరిది?" ఆఫీసులో, రైల్లో, ఆదివారం మనవాళ్ళు కలిసిన చోట భోజనాల దగ్గర కూడా ఇదే చర్చ. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఒక విద్య. ఆ జవాబు మీద డబ్బు కాయడం ఒక వ్యాపారం. రెండూ ఇరుగుపొరుగున పెరిగాయి. వీటి చరిత్ర కొంత తెలుసుకోవడం మనకూ, ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకూ మంచిదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు జోస్యం సంగతి చూద్దాము. 1913లో లండను పత్రిక డైలీ టెలిగ్రాఫ్ టెన్నిస్ విలేకరి వాలిస్ మయర్స్ ప్రపంచంలో మొదటి పదిమంది ఆటగాళ్ళు వీరని ఒక పట్టిక వేశారు. అంతా ఆయన కంటితో చూసి, బుద్ధితో తూచినదే. 1927లో వింబుల్డన్‌లో పూర్తి స్థాయి సీడింగు మొదలైంది. గట్టివాళ్ళు మొదటి రౌండ్లలోనే ఒకరినొకరు ఓడించుకోకుండా వాళ్ళను పట్టికలో దూరదూరంగా నాటడమే సీడింగు. ఒక రకంగా అది నిర్వాహకులే ముద్ర వేసి ఇచ్చిన జోస్యం. మన రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరాలలో వరుసగా సెమీఫైనల్ చేరారు. 1962లో ఆయనకు నాలుగో సీడు ఇచ్చారు. కాని గాయం వల్ల మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. నమ్మకం ఎంత గట్టిదైనా చీలమండ మాట వినదు కదా!

1973 ఆగస్టు 23న పురుషుల ఆటలో కంప్యూటరు ర్యాంకింగులు వచ్చాయి. మొట్టమొదటి నంబర్ వన్ రుమేనియా ఆటగాడు నస్టాసే. విలేకరి అభిప్రాయం పోయి అంకె వచ్చింది. అయినా ఆట అంకెకు లొంగలేదు. 1985లో సీడే లేని పదిహేడేళ్ళ జర్మన్ కుర్రవాడు బోరిస్ బెకర్ వింబుల్డన్ గెలిచాడు. 2001లో ప్రపంచంలో 125వ స్థానంలో ఉండి, వైల్డ్ కార్డు మీద లోపలికి వచ్చిన ఇవానిసెవిచ్ గెలిచాడు. పండితుల మాట తప్పినప్పుడే ప్రేక్షకులకు పండుగ.

ఇక పందేల సంగతి. ఇందులో మరపురాని కథ అమెరికను ఆటగాడు బాబీ రిగ్స్‌ది. 1939లో వింబుల్డన్‌కు ముందు క్వీన్స్ క్లబ్ పోటీలో జర్మనీకి చెందిన ఫాన్ క్రామ్ ఇతణ్ణి 6-0, 6-1తో చిత్తుగా ఓడించాడు. దానితో రిగ్స్ మీద లండను బుకీల ధర పెరిగింది. అతడు తానే ఒక బుకీ దగ్గరకు వెళ్ళి సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ మూడూ తానే గెలుస్తానని తన మీద తానే పందెం కాశాడు. మూడూ గెలిచాడు! ఆ దారిలో క్వార్టర్ ఫైనల్లో అతడి చేతిలో ఓడినవాడు మన దేశపు గౌస్ మహమ్మద్. వింబుల్డన్ సింగిల్స్‌లో అంతదాకా చేరిన మొదటి భారతీయుడు ఆయనే. పందెం వల్ల లక్ష డాలర్లకు పైగా వచ్చిందని రిగ్స్ తరువాత చెప్పుకొన్నాడు. ఆ రోజుల్లో వింబుల్డన్ విజేతకు కప్పే తప్ప కాసు లేదు. బహుమతి సొమ్ము 1968లో, ప్రొఫెషనల్స్‌ను రానిచ్చిన తరువాతనే మొదలైంది. ఆ ఏడు గెలిచిన రాడ్ లేవర్‌కు 2,000 పౌన్లు, బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌన్లు ముట్టాయి.

రిగ్స్ కథ వినడానికి సరదాగా ఉంటుంది. గెలుస్తానని తన మీద తాను కాసినవాడు కనీసం గెలవడానికే ఆడతాడు. ఓడిపోతానని కాసేవాడు వస్తే ఏమిటి గతి? తరువాతి చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

1960 నాటి చట్టం వల్ల 1961 మే 1 నుంచి ఈ దేశంలో వీధివీధినా పందేల దుకాణాలు తెరిచారు. వాటి లెక్క సులభం. ఇద్దరు సమానమైన ఆటగాళ్ళున్నారనుకోండి. బుకీ ఒక్కొక్కరి మీద పదకొండుకు పది ఇస్తానంటాడు. ఒకరు ఇటు 11 పౌన్లు, మరొకరు అటు 11 పౌన్లు కాస్తారు. బుకీ చేతికి 22 వస్తాయి. గెలిచినవాడికి అసలుతో కలిపి 21 ఇస్తాడు. ఎవరు గెలిచినా ఒక పౌను అతడిదే. ఆటను ఎంత బాగా చదివినవాడైనా ముందు ఈ పౌను గండం దాటాలి.

2000లో బెట్‌ఫెయిర్ వచ్చింది. ఇందులో బుకీ లేడు. ఒకడి పందెం ఇంకొకడు తీసుకుంటాడు. ఫలానావాడు ఓడతాడని కూడా ఎవరైనా కాయవచ్చు. ఆట నడుస్తూండగానే సెట్టు సెట్టుకూ, పాయింటు పాయింటుకూ ధర మారుతుంది. 2007 ఆగస్టులో పోలండులోని సోపాట్ పోటీలో నాలుగో ర్యాంకు డేవిడెంకో, 87వ ర్యాంకు వసాల్లో ఆర్గ్వెల్లో ఆడారు. డేవిడెంకో మొదటి సెట్టు 6-2తో గెలిచినా సొమ్ము మాత్రం ఎదుటివాడి మీదకే ప్రవహించింది. మూడో సెట్టులో డేవిడెంకో గాయమని తప్పుకున్నాడు. మామూలుగా వచ్చే దానికి పదింతలు, సుమారు 70 లక్షల డాలర్లు పందెం పడటంతో బెట్‌ఫెయిర్ ఆ పందేలన్నీ రద్దు చేసింది. ఏడాదికి పైగా దర్యాప్తు చేసి ఇద్దరిలో ఎవరి మీదా సాక్ష్యం లేదని 2008లో తేల్చారు. ఆ మాట కూడా తప్పక గుర్తుంచుకోవాలి.

అయినా ఆ సంఘటనతో టెన్నిస్ పెద్దలు మేలుకున్నారు. 2008లో టెన్నిస్ ఇంటెగ్రిటీ యూనిట్ ఏర్పడింది. 2011లో ఆస్ట్రియా ఆటగాడు కోలరర్‌కు మొదటి జీవితకాల నిషేధం పడింది. 2018లో స్వతంత్ర సమీక్షా సంఘం 3,200 మందికి పైగా ఆటగాళ్ళను అడిగితే, వారిలో 464 మంది మ్యాచ్ ఫిక్సింగు తమకు ప్రత్యక్షంగా తెలుసన్నారు.

దీనికి మూలం ఎక్కడుందో ఆ సంఘమే చెప్పింది. ప్రొఫెషనల్ అనిపించుకునే పదిహేను వేల మందిలో ఖర్చులు రాబట్టుకోగలిగేది మొదటి 250 నుంచి 350 మందే. మిగిలినవాడు చేతి డబ్బు పెట్టుకుని ఊరూరూ తిరిగి, పాతికమంది కూడా చూడని చోట ఆడుతూంటాడు. ఆ చిన్న పోటీల స్కోర్లు కూడా పాయింటు పాయింటుకూ పందేల వ్యాపారులకు అమ్ముడుపోయాయి. ఫుట్‌బాలులో పదకొండు మందిని కొనాలి, ఇక్కడ ఒక్కణ్ణి కొంటే చాలు. మ్యాచ్ ఓడనక్కరలేదు, ఒక్క సెట్టు వదిలితే చాలు. ఆకలి ఒకవైపు, అవకాశం మరొకవైపు. అట్టడుగు పోటీల స్కోర్ల అమ్మకం ఆపమని సంఘం సలహా ఇచ్చింది. 2021 నుంచి ఈ కాపలా పనిని ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ చూస్తోంది.

ఆటగాళ్ళకు ఇంకో బాధ కూడా ఉంది. 2024లో ఆటగాళ్ళకు అందిన తిట్ల సందేశాలను లెక్కిస్తే, పదింట నాలుగు వంతులు పందెంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు పంపినవేనట. ఒక పిల్ల డబుల్ ఫాల్ట్ చేస్తే ఎక్కడో కూర్చున్న అపరిచితుడు ఆమె తల్లిని తిడతాడు.

పందెం అంటే మనకు తెలియనిది కాదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలు చూసినవాళ్ళు మనలో చాలామంది. కాని అక్కడ బరిదాకా నడిచి వెళ్ళాలి, నలుగురు చూస్తారు. ఇక్కడ పదునెనిమిదేళ్ళు నిండిన పిల్లవాడికి బరి జేబులోని ఫోనులోనే ఉంది. నలుగురూ చూడరు. చట్టం ఒప్పుకుంటుంది గనుక కసిరి లాభం లేదు. పైన చెప్పిన పదకొండు పౌన్ల లెక్క కాగితం మీద వేసి చూపడం మేలని మా అభిప్రాయం. లెక్కల్లో మన పిల్లలు గట్టివాళ్ళే.

జోస్యం మాత్రం మానవద్దు. పచ్చికమీద ఎవరి సర్వీసు జారుతుంది, మట్టికోర్టులో ఎవరికి ఓపిక ఎక్కువ, నిన్న ఐదు సెట్లు ఆడినవాడి కాళ్ళలో ఈరోజు ఎంత బలముంటుంది అని ఆలోచిస్తూ చూస్తే ఆట రెండింతలు రుచిస్తుంది. 2005లో హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా సొంత ఊళ్ళో డబ్ల్యూటీఏ టైటిలు గెలిచినప్పుడు మనకు కలిగిన ఆనందానికి ఏ బుకీ ధర కట్టాడు? మన మాట తప్పితే నవ్వుకుని మరొక కప్పు కాఫీ తాగుతాము. ఆ నష్టం ఏ సంసారమైనా భరించగలదు.