శాకుంతలం (2023 సినిమా)

శాకుంతలం 2023 ఏప్రిల్ 14న విడుదలైన తెలుగు పౌరాణిక ప్రేమకథా చిత్రము. కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలము ఆధారముగా గుణశేఖర్ దర్శకత్వము వహించాడు. శకుంతలగా సమంత, దుష్యంతునిగా దేవ్ మోహన్, దుర్వాసునిగా మోహన్ బాబు నటించారు. సంగీతము మణిశర్మ. దర్శకుని కుమార్తె నీలిమ గుణ నిర్మాత, దిల్ రాజు సమర్పకుడు. 2022 నవంబరు 4న రావలసిన చిత్రము త్రీడీలోకి మార్చుట కొరకు వాయిదా పడి, మరొక వాయిదా తరువాత గాని విడుదల కాలేదు.

ఆదరణ

భారీ వ్యయముతో తీసినను చిత్రము ఘోర పరాజయము పొందినది. తన పాతికేళ్ళ వృత్తిలో ఇదే పెద్ద ఎదురుదెబ్బ అని దిల్ రాజు తరువాత చెప్పాడు. 142 నిమిషముల నిడివి, నత్తనడక కథనము, తేలిపోయిన గ్రాఫిక్స్, సమంత స్వయముగా చెప్పుకొన్న డబ్బింగు విమర్శలకు గురైనవి. ఉంగరము పోవుట, రాజు మరచుట ప్రేక్షకులు ముందే ఎరిగిన కథ. 1966లో కమలాకర కామేశ్వరరావు తీసిన శకుంతలలో ఎన్.టి.రామారావు, బి.సరోజాదేవి నటించారు. తెలిసిన కథను నిలబెట్టవలసినది నటనయే. నిండు సభలో దుష్యంతుడు భార్యను ఎరుగనను ఘట్టము దీనికి ప్రాణము. అదియే ఇందులో చప్పగా ఉన్నది. నాటకములో తెర వెనుక ముగిసిపోవు రాక్షస యుద్ధము మాత్రము తెరపై సుదీర్ఘముగా సాగును. బాల భరతునిగా అల్లు అర్జున్ కుమార్తె అర్హ మెప్పు పొందినది. ఆ పాత్ర చివరి భాగములో గాని రాదు.