పసుపు చుట్టాల కథ

1985లో ‘క్యాన్సర్ లెటర్స్’ పత్రికలో కేరళ నుంచి ఓ చిన్న వ్యాసం వచ్చింది. త్రిశూర్‌లోని అమల క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో రామదాసన్ కుట్టన్, ఆయన సహచరులు పసుపు సారాన్ని క్యాన్సర్ కణాల మీద ప్రయోగించి చూశారు. ఎలుకల పొట్టలో నీరు పట్టించి పెరిగే డాల్టన్ లింఫోమా కణాలవి. మిల్లీలీటరుకు 0.4 మిల్లీగ్రాముల సారం పడేసరికి, గది వేడిమిలోనే, అరగంటలోపే దాని విషప్రభావం కనిపించింది. ఆ సారంలో పనిచేస్తున్నది కర్క్యుమిన్ అని తేల్చి, దాన్నే విడిగా వాడితే 4 మైక్రోగ్రాములు చాలాయి. అంటే నూరో వంతు!

‘పసుపుతో క్యాన్సర్ మాయం’ అంటూ ఫోన్లలో తిరిగే సందేశాల మూలం వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం దగ్గర తప్పక ఆగాలి. ఆ సందేశాలు పంపేవాళ్ళు మాత్రం దాన్ని చదివి ఉండరు. అదే మోతాదులో లింఫోసైట్లు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు కూడా చచ్చాయని అందులోనే ఉంది. దాచిందేమీ లేదు.

రెండేళ్ళ తర్వాత కుట్టన్ బృందం మనుషుల దగ్గరికి వెళ్ళింది. ఒంటిపైకి పుండై తేలిన క్యాన్సర్ ఉన్న 62 మందికి పసుపు సారం, కర్క్యుమిన్ లేపనం రాశారు. నూటికి 90 మందిలో దుర్వాసన తగ్గింది. దురద దాదాపు అందరికీ తగ్గింది. 70 శాతం మందికి పుండు ఆరింది. పుండు పరిమాణం తగ్గినవాళ్ళు మాత్రం పది శాతమే. అలాంటి పుండున్న మనిషి పక్కన కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, వాసన తగ్గడమంటే ఎంత ఊరటో. నా లెక్కలో ఈ కథ మొత్తంలో రోగికి నిజంగా అందిన మేలు ఇదే. దీన్ని తలుచుకునేవాళ్ళే తక్కువ.

కర్క్యుమిన్ కొత్తదేం కాదు. 1815లోనే వోగెల్, పెల్టియే అనే ఇద్దరు ఐరోపా రసాయనవేత్తలు పసుపు కొమ్ముల్లోంచి ఈ రంగు పదార్థాన్ని తీశారు. దాని నిర్మాణం తేలడానికి మరో శతాబ్దం దగ్గర దగ్గరగా పట్టింది. 1910లో మిలోబెద్స్కా, కొస్తానెట్స్కి, లాంపే దాన్ని బయటపెట్టారు. రెండు కొసల్లో రెండు వలయాలు, వాటిని కలుపుతూ ఏడు కార్బన్ల గొలుసు, ఆ గొలుసు నడుమ ఒక కార్బన్ ఎడంలో రెండు కీటోన్లు.

ఈ అణువు తీరు మన ఆడవాళ్ళకు కొస్తానెట్స్కి కన్నా ముందే ఎరుక. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడి హారతి నీళ్ళవుతాయి. సున్నపు క్షారం తగలగానే కర్క్యుమిన్ తన ప్రోటాన్లను వదులుకుంటుంది, రంగు మారుతుంది. క్షారం ముందు అది నిలవలేదు కూడా. మన రక్తమూ కాస్త క్షారమే. రక్తమంత క్షారగుణమున్న ద్రావణంలో ఒంటి వేడిమి దగ్గర ఉంచితే అరగంటలో తొంభై శాతం విచ్ఛిన్నమైపోతుందని 1997లో కొలిచి చూపారు. రక్తంలోని ప్రోటీన్లు కొంత కాపాడతాయి గానీ, ఆ మిగిలినదాని పని కాలేయం పడుతుంది.

అందుకే తైవాన్‌లో 2001 నాటి పరీక్షలో రోగులు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగినా, రక్తంలో సగటున మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా తేలలేదు. త్రిశూర్‌లో కణాలను చంపడానికి నాలుగు కావలసి వచ్చాయని గుర్తుంచుకోండి. ఎనిమిది గ్రాములు దాటితే అన్ని మాత్రలు మింగడమే రోగుల వల్ల కాలేదు. కూరలో వేసే పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు మించితే గొప్ప. మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వారు చూపారు. సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని ఇరవైతో గుణిస్తే ఎంతవుతుంది?

ఈలోగా అమెరికాలో హోరు మొదలైంది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో భరత్ అగర్వాల్ బృందం, క్యాన్సర్ కణానికి ఊపిరి పోసే ఎన్‌ఎఫ్-కప్పా-బి ప్రోటీన్‌ను కర్క్యుమిన్ అణచేస్తుందని 1995లో ప్రకటించింది. వ్యాసాలు వేలకు వేలు వచ్చాయి. అగర్వాల్ పేరున్నవాటిలో ఇరవైకి పైగా వ్యాసాలను పత్రికలు తర్వాత వెనక్కి తీసుకున్నాయి. గాయాలకు పసుపు వాడకంపై మిసిసిపీ విశ్వవిద్యాలయానికి అదే 1995లో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. పేటెంటు పోరు గెలిచాం, క్యాన్సర్ మందు మాత్రం రాలేదు. 2017లో మిన్నెసోటా శాస్త్రవేత్తలు అన్నీ తిరగేసి, నూట ఇరవైకి పైగా పరీక్షలు జరిగినా గట్టి నియమాలతో చేసిన ఒక్కదాంట్లోనూ కర్క్యుమిన్ నెగ్గలేదని రాశారు. పైగా కాంతి పడితే కర్క్యుమిన్ తానే వెలుగుతుంది. వెలుగును కొలిచి ఫలితం చెప్పే పరికరాలు దాన్ని చూసి బోల్తా పడతాయి.

మరి ఆ అణువును బాగుచేయలేమా? అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్నైడర్, డెన్నిస్ లియోటా బృందం ఆ పనికే దిగింది. కీటోన్లు రెండింటికి బదులు ఒకటే ఉంచారు. గొలుసును కురచ చేశారు. కొసల వలయాలకు ఫ్లోరిన్ తగిలించారు. 2004లో బయటికొచ్చిన ఆ కర్క్యుమిన్ చుట్టం పేరు ఈఎఫ్24. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను విభజన దశలోనే ఆపి, తమను తాము చంపుకునేలా చేసింది. కర్క్యుమిన్ కన్నా ఎన్నో రెట్లు తక్కువ మోతాదు చాలింది. ఇలాంటి చుట్టాలు ఇప్పుడు వందల్లో ఉన్నాయి. దాదాపు అన్నీ గాజు పాత్రల్లోనో, ఎలుకల్లోనో ఉన్నాయి. ఒక్కదానికీ క్యాన్సర్ మందుగా అనుమతి రాలేదు. అయినా ఆశ పెట్టుకోదగ్గది వీటి మీదే, పసుపు డబ్బా మీద కాదు.

కూరలో పసుపు నిశ్చింతగా వేసుకోండి. గాఢమైన కర్క్యుమిన్ మాత్రల సంగతి వేరు. వాటివల్ల, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటివల్ల, కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. ఇంట్లో ఎవరైనా కీమో తీసుకుంటూ ఆ మాత్రలూ వేసుకుంటుంటే, డాక్టరుగారికి ఆ సీసా చూపించి అడగండి.