ఎర్ర తీగ, నల్ల తీగ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్ళలో గోడ ప్లగ్గుకు మూడు గుండ్రటి రంధ్రాలుంటాయి. పైది లావు, కింది రెండూ సన్నం. 1934లో బ్రిటన్ బీఎస్ 546 పేరుతో ప్రమాణంగా ప్రకటించిన నమూనా ఇది. బ్రిటన్ 1947లోనే దీర్ఘచతురస్రపు పిన్నుల వైపు మళ్ళింది. అదే ఏడు స్వతంత్రమైన భారతదేశం మాత్రం పాత గుండ్రటి పిన్నులనే తన ప్రమాణంగా నిలుపుకుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అత్యధికం కరెంటు ముఖం చూసింది ఆ తర్వాతే. అంటే పుట్టినచోట పాతబడిన పద్ధతి ఇక్కడ కొత్తగా మొదలైంది.

ఈ ప్రాంతానికి కరెంటు విరివిగా అందడానికి మూలం మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో డుడుమ జలపాతం దగ్గర రెండు రాష్ట్రాలూ కలిసి కట్టిన ఈ కేంద్రంలో 1955లో ఉత్పత్తి మొదలైంది. అన్ని యూనిట్లూ పూర్తయ్యాక సామర్థ్యం 114.75 మెగావాట్లు. జలాపుట్ జలాశయం కింద ఊళ్ళు, పొలాలు కోల్పోయిన గిరిజనుల త్యాగం మీదే మైదానంలో దీపాలు వెలిగాయన్న సంగతి మరవరానిది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక స్తంభాలు ఊరూరికీ పాకాయి. అప్పటికి అమల్లో ఉన్నవి 1910 నాటి విద్యుత్ చట్టం, 1956 నాటి నియమావళి. వాటి వెనుక ఉన్నదంతా బ్రిటిష్ అనుభవమే. ఇంటికి 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు, కిందికి నొక్కితే వెలిగే స్విచ్చు, నొక్కి తిప్పితే పట్టుకునే రెండు మేకుల బల్బు, అన్నీ ఆ దారినే వచ్చాయి. అమెరికాలో బల్బుకు మరలు ఉంటాయి, స్విచ్చు పైకి ఎత్తితే వెలుగుతుంది, మామూలు ప్లగ్గులో 120 వోల్టులే, ఆవృత్తులు 60.

తొలినాళ్ళ వైరింగు గోడ మీదే కనిపించేది. దూలం వెంబడి టేకు బద్దె కొట్టి, దాని మీద రబ్బరు తొడుగు వైరును రేకు క్లిప్పులతో బిగించేవారు. గుండ్రటి చెక్క దిమ్మ మీద నల్లటి బేకలైట్ స్విచ్చు, మీటరు పక్కన పింగాణీ ఫ్యూజు, నట్టింట వేలాడే హోల్డరు. పెంకుటింటికి ఇది చక్కగా అమరిన పద్ధతి. ఎక్కడ తెగినా కంటికి కనబడుతుంది, గోడ పగలగొట్టే పని లేదు. చెదలు, వాన చెమ్మ దానికి శత్రువులు. తర్వాత పీవీసీ గొట్టాలు వచ్చాయి. కాంక్రీటు శ్లాబుల కాలంలో తీగలు గోడ లోపలికి దాక్కున్నాయి.

రాగి కొరత ఒక్కటే, రెండు దేశాలు దాన్ని ఎదుర్కొన్న తీరు మాత్రం వేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్ ఇంటి తీగను చక్రంలా తిప్పింది. బోర్డు నుంచి బయల్దేరిన వైరు గదులన్నీ చుట్టి మళ్ళీ బోర్డుకే చేరుతుంది. ప్రతి ప్లగ్గుకూ రెండు వైపుల నుంచి కరెంటు అందుతుంది కనుక సన్నని తీగే సరిపోతుంది. కానీ ఆ చక్రానికి 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అది ఎగిరేలోగా టేబుల్ లైటు సన్నతీగ కాలిపోవచ్చు. అందుకే ప్లగ్గు లోపలే ఇంకో చిన్న ఫ్యూజు పెట్టారు. భారతదేశంలో ఆ చక్రం లేదు. లైట్లు, ఫ్యాన్ల తీగ వేరు, దానికి పది పాయింట్లు లేదా 800 వాట్లు హద్దు. ఇస్త్రీపెట్టె, హీటరు వంటి వాటికి లావు తీగతో పెద్ద ప్లగ్గు. 1960లలో విదేశీ మారకద్రవ్యం కరువై రాగి దిగుమతి కష్టమైనప్పుడు ఇక్కడ ఇళ్ళలోకి అల్యూమినియం తీగలు వచ్చాయి. అల్యూమినియం మెత్తన. స్క్రూ కింద నలిగి వదులవుతుంది, గాలి తగిలి పొర కడుతుంది, అతుకు వేడెక్కుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఈ బెడద మరీ ఎక్కువ. తర్వాతి దశాబ్దాల్లో ఇళ్ళలోకి మళ్ళీ రాగి వచ్చింది.

వైరింగు తేడాల్లో ప్రాణాలతో ముడిపడినవి రంగులు. ఇక్కడ ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు. నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఇదీ పాత బ్రిటిష్ ఆనవాయితీయే. బ్రిటన్ 2004లో ఐరోపా రంగులకు మారి, 2006 నుంచి వాటిని తప్పనిసరి చేసింది. ఆ పద్ధతిలో ఫేజులు గోధుమ, నలుపు, బూడిద రంగులు, న్యూట్రల్ నీలం. సింగపూర్ కూడా అదే బాట పట్టింది. అమెరికాలో నలుపు కరెంటు తీగ, తెలుపు న్యూట్రల్. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు, సింగపూర్‌కు పనికి వెళ్ళేవారు ఎందరో. వారిలో ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. సొంత ఊళ్ళో నిర్భయంగా ముట్టుకున్న నల్ల తీగ సింగపూర్‌లో ప్రాణం తీయగలదు. ఇంటి దగ్గర ఫేజు అయిన నీలం అక్కడ న్యూట్రల్. సౌదీ అరేబియాలో ఆవృత్తులు 60, కాబట్టి 50కి చేసిన మోటారు అక్కడ అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది.

ఇంటి దగ్గర కొరత మరోటి, అది ఎర్తు. మూడో రంధ్రం ఉన్నా దాని వెనుక తీగ లేని ఇళ్ళు పాతవాటిలో కొల్లలు. పేదలకు ఒక్క దీపం ఇవ్వడానికి 1988-89లో కుటీర్ జ్యోతి పథకం వచ్చింది. తాటాకు కప్పు కింద ఒక హోల్డరు, అందులో ఒక బల్బు, అంతే. ఎర్తు ఉన్నచోటా చిక్కే, శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఇసుకనేల వేసవిలో ఎండిపోతే కరెంటును భూమిలోకి సరిగా వదలదు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాల్సిందే. 1956 నియమావళికి తర్వాత చేర్చిన నిబంధన లీకేజీ రక్షణ పరికరాన్ని 5 కిలోవాట్లు, ఆపై కనెక్షన్లకే తప్పనిసరి చేసింది. పల్లెటూరి ఇల్లు ఆ లెక్కలోకి రాలేదు. రక్షణ ఎక్కువ అవసరమైన గోడకే అది అందలేదు.

ఇంటి బయటి తీగకు తుపాను శత్రువు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వేలాది స్తంభాలను పడగొట్టింది. అంతకు నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ దెబ్బ తిన్న విశాఖలో తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. కొబ్బరి, జీడి తోటల మధ్య సాగే ఉద్దానం లైన్లు మాత్రం ఎక్కువగా స్తంభాల మీదే ఉన్నాయి.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువు రెండేళ్ళు. విదేశాల రంగులు, ప్లగ్గులు, ఆవృత్తులు నేర్పడానికి అందులో ఒక వారం చాలు. విమానం ఎక్కబోయే కుర్రవాళ్ళకు శ్రీకాకుళం, విజయనగరం ఐటీఐలు ఆ వారం కేటాయించాలి.